ఒక్క జీతం, ఐదు అప్పులు: ముందు ఏది తీర్చాలి, దేనితో తీర్చాలి

బ్యాంకువాళ్లు 14 శాతం అంటారు. క్రెడిట్ కార్డు స్టేట్‌మెంట్‌లో 3.5 శాతం అని ఉంటుంది. ఊళ్లో ప్రామిసరీ నోటు మీద అప్పు ఇచ్చినాయన రెండు రూపాయల వడ్డీ అంటాడు. షోరూంలో బండి అమ్మినతను పది శాతం ఫ్లాట్ అంటాడు. డైలీ ఫైనాన్స్‌వాళ్లయితే వడ్డీ మాటే ఎత్తరు, రోజుకి వంద కట్టమంటారు. వీటిలో ఏది ఎక్కువో ఏది తక్కువో పోల్చాలంటే ముందు అన్నిటినీ ఒకే కొలతలోకి తేవాలి. ఆ కొలత మన దగ్గరే ఉంది: నూటికి నెలకి ఎంత. ఉమ్మడి రాష్ట్రంలో డ్వాక్రా సంఘాలకిచ్చిన ‘పావలా వడ్డీ’కి ఆ పేరు వచ్చింది ఇందుకే. నూటికి నెలకి పావలా, ఏడాదికి 3 శాతం.

ఈ కొలతలో చూస్తే అప్పుల అసలు రంగు బయటపడుతుంది. 9 శాతానికి తెచ్చిన బ్యాంకు గోల్డ్ లోన్ ముప్పావలా. అదే బంగారం మీద ప్రైవేటు ఫైనాన్స్ కంపెనీ 18 శాతం తీసుకుంటే రూపాయిన్నర. 14 శాతం పర్సనల్ లోన్ రూపాయి 17 పైసలు. నోటు రెండు రూపాయలు, అంటే ఏడాదికి 24 శాతం. కార్డు 3.5 శాతం అన్నది నెలకే, ఏడాదికి కాదు. ఆ వడ్డీ మీద 18 శాతం జీఎస్టీ కూడా పడుతుంది కాబట్టి నిజంగా పడేది నాలుగు రూపాయల 13 పైసలు. కార్డులను బట్టి కొంచెం అటూఇటూ ఉంటుంది.

మోసపోయేది ఎక్కువగా ఫ్లాట్ రేటు దగ్గర. లక్ష రూపాయలు, పది శాతం ఫ్లాట్, మూడేళ్లు అంటే నెలకి 3,611 కడతారు. అసలు నెలనెలా తగ్గుతున్నా వడ్డీ మాత్రం మొదటి రోజున్న లక్ష మీదే వేశారు కాబట్టి అది ఏడాదికి పది శాతం కాదు, 18 శాతం. రూపాయిన్నర వడ్డీ అన్నమాట. డైలీ ఫైనాన్స్ మరీ దారుణం. పదివేల అప్పుకి వెయ్యి ముందే కోసి తొమ్మిది వేలు చేతిలో పెట్టి, రోజుకి వంద చొప్పున వంద రోజులు వసూలు చేస్తారు. వంద రోజులకి వెయ్యే కదా అనిపిస్తుంది. కానీ కట్టే ప్రతి వందతో అసలు తరుగుతూనే ఉంటుంది. ఆ లెక్క వేస్తే నెలకి ఆరు రూపాయల పైమాటే.

కాగితం తీసుకుని ప్రతి అప్పుకీ నాలుగు అంకెలు రాయండి: మిగిలిన అసలు, నూటికి నెల వడ్డీ, నెలకి కట్టి తీరాల్సిన మొత్తం, కట్టకపోతే ఏం జరుగుతుంది. నాలుగోది చాలామంది రాయరు. ఒకే సంపాదన మీద నడిచే ఇంట్లో అన్నిటికంటే ముఖ్యం అదే. కార్డు కట్టకపోతే ఫోన్లు, లేటు ఫీజు. బంగారం విడిపించకపోతే వేలం. నోటు కట్టకపోతే కోర్టు, ఊళ్లో మాట పోవడం. సంఘం అప్పు కట్టకపోతే పక్కింటావిడ మీద భారం పడటం.

ఒక ఇంటి లెక్క

అద్దెకుంటున్న నలుగురి కుటుంబం అనుకుందాం. చేతికొచ్చే జీతం 38,000. అద్దె 8,000. బియ్యం, పాలు, కూరలు, గ్యాస్ 9,500. స్కూలు 3,000. కరెంటు, ఫోన్లు, పెట్రోలు 3,500. మందులు 1,000. మొత్తం 25,000 పోను 13,000 మిగులుతుంది.

అప్పులివి: కార్డు మీద 60,000. రెండు రూపాయల వడ్డీకి నోటు 1,50,000. పర్సనల్ లోన్ 2,00,000, ఇంకా 36 నెలలు, ఈఎంఐ దాదాపు 6,840. బ్యాంకులో బంగారం మీద 1,20,000. బంధువుల దగ్గర చేబదులు 50,000.

నెలకి కట్టాల్సినవి: ఈఎంఐ 6,840, నోటు వడ్డీ 3,000, కార్డు మినిమం డ్యూ (కనీసం కట్టాల్సింది) 5 శాతం చొప్పున 3,000. మొత్తం 12,840. చేతిలో 160 మిగిలినట్టు కనిపిస్తుంది. గోల్డ్ లోన్ వడ్డీ నెలకి 900 చొప్పున పెరుగుతోంది, అది ఏడాది చివర ఒకేసారి కట్టాలి కాబట్టి ఎవరికీ కనిపించదు. అది కూడా కలిపితే నిజానికి నెలకి 740 లోటు. ఆ లోటు మళ్లీ కార్డు మీదికే వెళ్తుంది. ఇంత కడుతున్నా అప్పు తరగట్లేదని భార్యాభర్తలు ఒకరినొకరు అనుకోవడం ఇక్కడే మొదలవుతుంది. దుబారా ఎవరూ చెయ్యలేదు. కార్డుకి కట్టిన 3,000లో 2,478 వడ్డీకీ జీఎస్టీకీ పోతోంది, అసలులో తగ్గేది 522. నోటుకి కట్టిన 3,000లో అసలుకి వెళ్లేది సున్నా.

ఎక్కువ వడ్డీదా, చిన్న అప్పా?

అప్పులు తీర్చడానికి రెండు వరసలు చెబుతుంటారు. ఎక్కువ వడ్డీ ఉన్నది ముందు కొట్టేయడం ఒకటి, చిన్నది ముందు మూసి ఉత్సాహం తెచ్చుకోవడం రెండోది. డబ్బు మిగిలేది మొదటిదానితోనే. ఈ ఇంట్లో కార్డు ముందు, తర్వాత నోటు, తర్వాత పర్సనల్ లోన్, ఆఖరున బంగారం. ఇందులో సందేహం అక్కర్లేదు.

అయితే ఒకే జీతం ఉన్న ఇంటికి ఒక మినహాయింపు ఉంది. ఫ్రిజ్ మీద వడ్డీ లేని ఈఎంఐ నెలకి 1,500 చొప్పున ఇంకా ఆరు నెలలుందనుకోండి. బోనస్ తొమ్మిది వేలు వచ్చింది. కార్డుకి కడితే నెలకి 372 వడ్డీ తగ్గుతుంది. ఫ్రిజ్ బాకీ మూసేస్తే వడ్డీ ఏమీ తగ్గదు కానీ నెలకి 1,500 చేతిలో మిగులుతుంది. ప్రతి నెలా 25వ తేదీకల్లా మళ్లీ కార్డు గీకాల్సి వస్తున్న ఇల్లయితే ఫ్రిజ్ మూసేయడమే మేలు, ఆ మిగిలిన 1,500 నెలనెలా కార్డుకి కట్టాలి. నెలాఖరు దాకా జీతం సరిపోతున్న ఇల్లయితే తొమ్మిది వేలూ కార్డుకే. మిగిలిన బాకీని నెల వాయిదాతో భాగిస్తే ఎన్ని నెలల్లో ఊపిరి ఆడుతుందో తెలుస్తుంది. ఆరు లోపు ఉంటేనే ఈ మినహాయింపు గురించి ఆలోచించండి.

ఏ వరస పట్టినా మొదట 10,000 నుంచి 15,000 విడిగా పెట్టుకోవాలి. పిల్లాడికి జ్వరం వచ్చినా బండి ఆగిపోయినా మళ్లీ అప్పుకే వెళ్లకుండా ఆపేది అదొక్కటే. సంపాదించే మనిషి పేరు మీద టర్మ్ ఇన్సూరెన్స్ (ఆ మనిషి పోతే ఇంటికి డబ్బిచ్చే బీమా) లేకపోతే అప్పు తీర్చడం మొదలుపెట్టకముందే అది తీసుకోండి. 2025 సెప్టెంబరు 22 నుంచి వ్యక్తిగత జీవిత, ఆరోగ్య బీమా ప్రీమియం మీద జీఎస్టీ లేదు. పొదుపు కలిసిన ఎండోమెంట్ పాలసీ ఉంది కదా అని ఆగొద్దు. సంపాదించే మనిషికి ఏమైనా అయితే దాని కవర్ ఈ అప్పులకే సరిపోదు.

కార్డు తీర్చడానికి: బంగారమా, కార్డు ఈఎంఐనా?

ఇంట్లో ఇంకా రెండు కాసుల గాజులున్నాయనుకుందాం. బ్యాంకులో పెట్టి 60,000 తెచ్చి కార్డు మొత్తం కట్టేస్తే నెల వడ్డీ 2,478 నుంచి 450కి పడిపోతుంది. ఇప్పుడు బంగారం మీద మొత్తం అప్పు 1,80,000, దానికి నెల వడ్డీ 1,350. ఈఎంఐ 6,840, నోటు 3,000, బంగారం 1,350 కలిపితే 11,190. నెలకి 740 లోటున్న ఇంట్లో ఇప్పుడు 1,810 మిగులుతోంది. జీతం పెరగలేదు, ఖర్చు తగ్గలేదు, అప్పు చోటు మారింది, అంతే.

బంగారం లేకపోతే కార్డు కంపెనీకి ఫోన్ చేసి మొత్తం బాకీని ఈఎంఐలుగా మార్చమని అడగండి. 18 శాతం చొప్పున 24 నెలలకి ఇస్తే వాయిదా దాదాపు 2,995, వడ్డీ మీద జీఎస్టీ అదనం. మినిమం డ్యూ కడుతున్నది కూడా 3,000 దగ్గరే కదా. ఇంచుమించు అదే డబ్బుతో రెండేళ్లలో కార్డు సున్నా అవుతుంది. అడిగితే వచ్చేదాన్ని అడక్క ఏళ్ల తరబడి మినిమం కడుతున్న ఇళ్లు ఎన్నో ఉన్నాయి. ప్రాసెసింగ్ ఫీజు ఎంతో, మధ్యలో మూసేస్తే ఎంత తీసుకుంటారో ముందే తెలుసుకోండి.

ఏ దారిలో తీర్చినా కార్డు వాడకం ఆపాలి. బాకీ మిగిలున్న కార్డు మీద కొత్తగా కొన్నదానికి వడ్డీ లేని గడువు ఉండదు, కొన్న రోజు నుంచే వడ్డీ పడుతుంది. బంగారంతో కార్డు తీర్చి ఆర్నెల్లకి మళ్లీ కార్డు నింపుకుంటే బంగారమూ పోతుంది, అప్పూ ఉంటుంది. అప్పులన్నీ ఒకచోటికి చేర్చిన కుటుంబాలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే.

బంగారం పెట్టేటప్పుడు బ్యాంకునే ఎంచుకోండి. ఫైనాన్స్ కంపెనీలో అరగంటలో పనైపోతుంది, గ్రాముకి నాలుగు రాళ్లు ఎక్కువ ఇస్తారు, వడ్డీ రెట్టింపు. రిజర్వు బ్యాంకు కొత్త నిబంధనల అమలుకి ఆఖరి గడువు 2026 ఏప్రిల్ 1. వాటి ప్రకారం రెండున్నర లక్షల లోపు అప్పుకి బంగారం విలువలో 85 శాతం వరకు, ఐదు లక్షల లోపు 80 శాతం, ఆపైన 75 శాతం వరకు ఇవ్వొచ్చు. ఏడాది చివర ఒకేసారి కట్టే అప్పుకి ఈ పరిమితి వడ్డీని కూడా కలుపుకునే లెక్కిస్తారు. ఇస్తామన్నంతా తీసుకోవద్దు. ధర తగ్గితే, లేదా వడ్డీ పేరుకుపోతే ముందు ఇబ్బంది పడేది అంచు దాకా తీసుకున్నవాళ్లే.

తూకం మీ ఎదురుగానే జరగాలి. రాళ్లు, పూసల బరువు తీసేసి నికర బరువు ఎంత రాశారో, ఎన్ని క్యారెట్లుగా కట్టారో కాగితం మీద చూసుకుని, నగలకి ఫోటో తీసుకున్నాకే సంతకం పెట్టండి. బాకీ తీరాక నగలు ఏడు పనిదినాల్లో తిరిగి ఇవ్వాలి. వాళ్ల తప్పు వల్ల ఆలస్యమైతే రోజుకి 5,000 పరిహారం ఇవ్వాలని అవే నిబంధనలు చెబుతున్నాయి.

నెలకి 1,350 చొప్పున ఏడాది వడ్డీ 16,200. దాన్ని జీతం వచ్చిన రోజే వేరే ఖాతాలో రికరింగ్ డిపాజిట్‌గా వేసుకోకపోతే ఏడాది చివర రెన్యువల్ కోసం మళ్లీ అప్పు చేయాల్సి వస్తుంది. ఈ వడ్డీ కూడా పక్కన పెట్టలేని పరిస్థితి అయితే ఒక నగ అమ్మి మిగతావి విడిపించుకోవడమే మంచిది. అమ్మినదానికి అమ్మిన ధర చేతికొస్తుంది. వేలానికి పోతే ధరా తగ్గుతుంది, నోటీసు ఖర్చులూ మీ మీదే పడతాయి. పుట్టింటివాళ్లు పెట్టిన బంగారం అయితే ఆ నిర్ణయం ఆవిడ తీసుకోవాల్సిందే. చెప్పకుండా తాకట్టు పెట్టడం అప్పు కంటే పెద్ద గాయం.

నోటు తీర్చడానికి: సంఘమా, చీటీనా, పర్సనల్ లోన్ టాపప్పా?

నోటు ఎంతకాలం ఉన్నా దానంతటది తరగదు. పైగా మూడేళ్ల గడువు దాటితే కోర్టులో చెల్లదు కాబట్టి ఇచ్చినాయన గడువు లోపే తిరగరాయమంటాడు. వడ్డీ కట్టకుండా వదిలేసిన నోటు తిరగరాసే రోజున ఏమవుతుందో చూడండి. 1,50,000కి మూడేళ్ల వడ్డీ 1,08,000. కొత్త నోటు 2,58,000కి రాస్తారు. మరుసటి నెల నుంచి రెండు రూపాయలంటే 5,160. బారువడ్డీ అని తెచ్చుకున్న అప్పు చక్రవడ్డీ అయ్యేది ఆ సంతకంతోనే. అందుకే అసలు కట్టలేకపోయినా నోటు వడ్డీ ఆగనివ్వద్దు.

ఈ నోటుని తీర్చడానికి మొదట చూడాల్సింది ఇంట్లో ఆవిడ ఉన్న పొదుపు సంఘం. గ్రామాల్లో సెర్ప్, పట్టణాల్లో మెప్మా అనే ప్రభుత్వ సంస్థల కింద నడిచే సంఘాలకి బ్యాంకు లింకేజీ (సంఘం పేరు మీద బ్యాంకు ఇచ్చేవి), స్త్రీనిధి అప్పులు వస్తాయి. గ్రామీణ సంఘాలకి 3 లక్షల వరకు బ్యాంకు అప్పు మీద వడ్డీ ఏడు శాతమే. సంఘం లోపల చేతులు మారేసరికి రూపాయి వడ్డీ అయినా సరే, లెక్క చూడండి. లక్ష రూపాయలు, 36 నెలలు, వాయిదా 3,321. మొత్తం వడ్డీ దాదాపు 19,560, మూడేళ్లకి అప్పు సున్నా. అదే లక్ష నోటు మీదే ఉంచితే మూడేళ్లలో 72,000 వడ్డీ కట్టాక కూడా లక్ష అలాగే ఉంటుంది. నోటు 50,000కి తగ్గడంతో దాని వడ్డీ నెలకి 2,000 తగ్గుతుంది కాబట్టి అదనంగా పడేది 1,321. కార్డు తీర్చగా మిగిలిన 1,810లో ఇది సరిపోయి 489 మిగులుతుంది.

సంఘం అప్పులో ఒక బాధ్యత ఉంది. ఒకరి వాయిదా తప్పితే మిగతావాళ్లకి తర్వాతి లోన్ ఆగుతుంది. ఇంటి మగవాడి అప్పు తీర్చడానికి తీసుకుంటున్నామని సంఘంలో చెప్పి, వాయిదా రోజు జీతం రోజుకి దగ్గరగా ఉండేలా మాట్లాడుకుని తీసుకోండి.

చీటీ పాడుకుందామా అన్నది రెండో ఆలోచన. లక్ష చీటీ, 25 నెలలు, నెలకి 4,000 అనుకుందాం. మూడో నెలలో 25,000 తగ్గించి పాడితే చేతికి 75,000 వస్తుంది. డివిడెండు పోను సగటున 3,600 చొప్పున మిగతా 22 నెలలు కట్టాలి. ముందు కట్టినవి కూడా కలిపి లెక్కేస్తే రెండు రూపాయలకి కొంచెం తక్కువగా తేలుతుంది. రెండు రూపాయల నోటుకీ దీనికీ తేడా కొద్ది పైసలే. దానికోసం ముగ్గురు ఉద్యోగుల్ని జామీనుకి బతిమాలుకోవాలి. చీటీ సగం దాటాక తక్కువ పాటకి వస్తే బాగానే ఉంటుంది, ముందే వేసుకున్న చీటీ ఉంటే దాన్ని అప్పు కోసం వాడుకోవచ్చు. అప్పు తీర్చడానికని కొత్తగా చీటీలో చేరి మొదట్లోనే పాడటం మాత్రం దండగ. 1982 చిట్ ఫండ్స్ చట్టం కింద రిజిస్టర్ కాని ఇంటి చీటీలో అయితే నిర్వాహకుడు పారిపోతే అడిగే దిక్కుండదు.

మూడోది టాపప్. పర్సనల్ లోన్ సగం కట్టాక బ్యాంకు నుంచి ఫోన్ వస్తుంది, అదే ఈఎంఐకి ఇంకో లక్ష ఇస్తామని. ఈఎంఐ పెరగదు నిజమే, మళ్లీ మూడేళ్లు మొదలవుతుంది. సంఘం లేనివాళ్లు నోటు తీర్చడానికి మాత్రమే తీసుకుంటే రూపాయి 17 పైసలు, రెండు రూపాయల కంటే నయమే. ఆ డబ్బు ఖాతాలో పడిన రోజే నోటు రాయించుకున్నాయన చేతిలో పెట్టాలి, ఒక్క రాత్రి కూడా ఖాతాలో ఉంచొద్దు.

పర్సనల్ లోన్ ముందే కట్టేయాలా అంటే, ఈ ఇంటికి ఇప్పుడు అవసరం లేదు. ఫిక్స్‌డ్ రేటు అయితే ముందే మూసినందుకు చార్జీ తీసుకోవచ్చు, దాని మీద జీఎస్టీ కూడా. ఫ్లోటింగ్ రేటు హోమ్ లోన్ ఉన్నవాళ్లకి ఆ చార్జీ లేదు, కానీ అది తక్కువ వడ్డీ అప్పు. మిగిలిన అప్పులన్నీ తీరేదాకా దాని జోలికి పోవద్దు.

జీతం పెరిగినదంతా ధరలకే సరిపోయిందనుకున్నా, 36 నెలలకి పర్సనల్ లోన్, సంఘం అప్పు రెండూ అయిపోతాయి. అప్పటి నుంచి నెలకి పదివేల పైన మిగులుతుంది. మిగిలిన నోటు 50,000 ఐదు నెలల్లో, బంగారం 1,80,000 పదిహేను నెలల్లో, చేబదులు నాలుగు నెలల్లో. మొత్తం ఐదేళ్లు. బోనస్సో ఎరియర్సో వస్తే ముందు నోటుకి కట్టండి. చేబదులుకి వడ్డీ లేదు కాబట్టి లెక్కలో ఆఖరున వచ్చింది, కానీ వాళ్లకి ఆ మాట ఇప్పుడే చెప్పండి. అడిగినప్పుడల్లా ‘వచ్చే నెల’ అనడం కంటే, తేదీ చెప్పి ఏటా పండక్కి ఐదు వేలు పంపడం బంధుత్వాన్ని నిలబెడుతుంది.

అసలేం కట్టలేకపోతే

ఉద్యోగం పోయి మూడు నెలలు గడిచాయంటే పైన చెప్పిన వరసలేవీ పని చేయవు. అప్పుడు అద్దె, తిండి, స్కూలు, బంగారం వడ్డీ ముందు. కార్డుని, పర్సనల్ లోన్‌ని వెనక్కి పెట్టి, బ్యాంకుకి రాతపూర్వకంగా పరిస్థితి చెప్పి వాయిదా తగ్గించి గడువు పెంచమని అడగాలి. సెటిల్‌మెంట్ ఆఖరి దారి. తగ్గించి కట్టి ముగిస్తే సిబిల్‌లో (మన అప్పుల చరిత్ర నమోదు చేసే సంస్థ రికార్డులో) ‘సెటిల్డ్’ అని ఏళ్ల తరబడి ఉంటుంది, ఇంటి లోన్ దొరకడం కష్టమవుతుంది. ఒప్పుకున్న మొత్తం, తేదీ ఉన్న లెటర్ చేతికి రాకముందు రికవరీ ఏజెంటుకి ఒక్క రూపాయి కూడా ఇవ్వద్దు. ఏజెంట్లు ఉదయం 8కి ముందు, సాయంత్రం 7 తర్వాత ఫోన్ చేయకూడదు, ఇంటికి రాకూడదు. బెదిరిస్తే బ్యాంకుకి రాసి, 30 రోజుల్లో జవాబు రాకపోతే రిజర్వు బ్యాంకు అంబుడ్స్‌మన్‌కి ఫిర్యాదు చేయండి. హెల్ప్‌లైన్ 14448.

ఈ అప్పు తీర్చడానికి ఇంకో డైలీ ఫైనాన్స్ కానీ, ఫోన్‌లో ఐదు నిమిషాల్లో డబ్బిచ్చే యాప్ కానీ మాత్రం వద్దు. ఆరు రూపాయల అప్పుతో రెండు రూపాయల అప్పు తీరదు.

తీరిన రోజు

నోటు అప్పుకి ఎప్పుడు ఎంత కట్టినా నోటు వెనకాల జమ రాయించి తేదీ, సంతకాలు పడేలా చూడండి, వీలైతే ఫోన్‌పే లాంటి దాని ద్వారానే పంపండి. మొత్తం తీరాక నోటు అసలు ప్రతి చేతికి తీసుకుని, రెవెన్యూ స్టాంపు మీది సంతకం అక్కడే చింపేయండి. ‘రేపు వెతికి ఇస్తా’ అంటే ఆఖరి పదివేలు రేపే ఇవ్వండి. అప్పు తీసుకున్నప్పుడు ఖాళీ చెక్కులు ఇచ్చుంటే అవి కూడా లెక్క ప్రకారం వెనక్కి రావాలి. చెక్కు బౌన్సు కేసు నోటు కేసు కంటే త్వరగా మెడకి చుట్టుకుంటుంది.

బ్యాంకు అప్పు అయితే నో డ్యూ సర్టిఫికెట్ తీసుకోండి. ఇంటి కాగితాలు పెట్టి ఉంటే 30 రోజుల్లో తిరిగి ఇవ్వాలి, ఆలస్యమైతే ఇక్కడ కూడా రోజుకి 5,000 పరిహారం. ఖాతా నుంచి ఈఎంఐ కోసే మాండేట్ రద్దయిందో లేదో చూసుకోండి. నెలన్నర ఆగి క్రెడిట్ రిపోర్టు తీసి చూడండి. ఏడాదికి ఒకటి ఉచితం. అందులో ఆ లోన్ ఎదురుగా ‘క్లోజ్డ్’ అని, బాకీ సున్నా అని ఉండాలి. లేకపోతే నో డ్యూ సర్టిఫికెట్ జతచేసి సిబిల్ సైట్‌లోనే డిస్ప్యూట్ పెట్టండి.